యాక్టింగ్ క్లాసు పిల్లలతో షార్ట్ ఫిల్మ్: 14 మంది, 2 రోజులు, 13 వేలు

నల్లగొండలోనో పాలమూరులోనో ఎండకాలం సెలవుల్లో నడిచే యాక్టింగ్ క్లాసులో నెల తిరిగేసరికి "సార్, మనం ఒక షార్ట్ ఫిల్మ్ తీద్దాం" అని పిల్లలు మొదలుపెడతారు. తీయొచ్చు. ఇలాంటి సినిమాలు మధ్యలో ఆగిపోయేది కెమెరా లేక కాదు. ఒక్కడు హీరో, మిగతా పదమూడు మంది వాడికి గొడుగు పట్టేవాళ్లు అయ్యే కథ ఎంచుకుంటారు. రెండు రోజుల్లో పట్టనన్ని సీన్లు రాసుకుంటారు. అంతా అయ్యాక చూస్తే మాటలు వినపడవు. ఈ మూడూ తప్పించుకుంటే చాలు, మిగతాది సర్దుకోవచ్చు. కింద చెప్పేదంతా 14 నుంచి 20 ఏళ్ల మధ్య 14 మంది, ఒక మంచి ఫోను, 7 నిమిషాల సినిమా అన్న లెక్క మీద.

కథకంటే ముందు జాబితా

ఒక కాగితం మీద ఉన్నవి రాయండి. ఎవరింట్లో పాత గోడలున్నాయి, ఎవరి నాన్నకు ఆటో ఉంది, ఏ తాత కెమెరా ముందు బెదరకుండా కూర్చుంటాడు, సెలవుల్లో ఏ బడి వరండా ఖాళీ, ఎవరికి డప్పు వచ్చు. ఈ కాగితం మీద లేనిది కథలోకి రానివ్వకండి. పోలీసు డ్రెస్సు, ఆస్పత్రి వార్డు, వాన, రాత్రి పరుగులు ఒక్కొక్కటి ఒక రోజును మింగేస్తాయి.

ఉదాహరణకు ఒక కథ అనుకుందాం. యూరియా కోసం సొసైటీ గోదాం ముందు లైను. ఎండకు నిలబడలేక రైతులు చెప్పులు వరుసలో విడిచి చెట్టు కిందికి పోతారు. మన జిల్లాల్లో ఇది ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన దృశ్యం కాదు. తాత బువ్వ తినిరావడానికి పోతూ మనవణ్ని చెప్పులకు కాపలా పెడతాడు. పిల్లగాడు ఫోనులో పడతాడు. తలెత్తి చూస్తే తాత చెప్పులు లైనులో లేవు. ఇంతే.

ఈ కథలో ఏముందంటే, ఒకటే చోటు, ఒకటే పూట, అందరికీ పని. లైనులో నిలబడ్డ ప్రతి ఒక్కరికీ ఒక ముఖం ఉంటుంది, ఒక తొందర ఉంటుంది. ఎవరిది ఎన్నెకరాలు, ఇయ్యాల్టికి సంచి దొరక్కపోతే ఏమవుతది, ఇంట్ల ఎవరిని విడిచొచ్చిన్రు అని ప్రతి పిల్లవాడూ మూడు వాక్యాలు తనే రాసుకోవాలి. ఆ వాక్యాలు సినిమాలో వినపడవు, నిలబడే తీరులో కనపడతాయి. సామాన్లు కూడా అగ్గువే. ఇళ్ల నుంచి 25 జతల చెప్పులు, 10 ఖాళీ సంచులు, అట్ట మీద రంగుతో రాసిన బోర్డు ఒకటి. బోర్డు మీద నిజమైన సొసైటీ పేరు రాయకండి, 'ఎరువుల గోదాం' అంటే చాలు.

తాత వేషం మాత్రం పిల్లలకు ఇవ్వొద్దు. పదిహేడేళ్ల కుర్రాడికి తెల్లగడ్డం అతికిస్తే స్టేజీ మీద చెల్లుతుంది, ఫోను దగ్గరికి పోగానే జిగురు కనపడుతుంది. క్లాసులో ఎవరిదో ఒకరి తాతను తెచ్చుకోండి. ఆయన సీన్లన్నీ ఒకే పొద్దున, మూడు గంటల్లో, కుర్చీ వేసి, చాయ్ ఇచ్చి ముగించండి. 14 ఏళ్లలోపు చిన్నపిల్లల పాత్రలు కూడా రాయకండి. సినిమాల్లో బాలనటుల పని రోజుకు 5 గంటలు, విరామం లేకుండా 3 గంటలు దాటకూడదని నిబంధనలున్నాయి, జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి అడగాల్సిన పని కూడా ఉంటుంది. ఇంత చిన్న సినిమాకు ఆ బరువెందుకు?

మాటలు ఎవరి నోట్లోవి

క్లాసు పిల్లలు స్క్రిప్టు చేతిలో పట్టుకోగానే సినిమా తెలుగులోకి దూకుతారు. రాసిన కాగితంలో ఇలా ఉంటుంది:

"తాతా, నువ్వు ఇంటికి వెళ్లి భోజనం చేసి రా. నేను ఇక్కడే ఉంటాను."

ఇది ఏ పిల్లగాడూ అనడు. కాగితం పక్కన పెట్టి, సందర్భం మాత్రం చెప్పి, ఇద్దర్ని మాట్లాడమని ఫోనులో రికార్డు చేస్తే వచ్చేది ఇట్లుంటది:

"తాతా, నువ్వు వోయి బువ్వ తినిరా. నేనుంట గద."
"ఎవలన్న జరిపితె ఊకోకు."
"ఆ, సరే తియ్."

ఆ "సరే తియ్"లో పిల్లగాడి నిర్లక్ష్యమంతా ఉంది, అది రాసేవాడికి తట్టదు. కాబట్టి నాలుగు రిహార్సళ్లు పెట్టుకోండి. మొదటి రెండింటిలో కాగితం లేకుండా మాట్లాడించి రికార్డు చేయండి. అందులో బాగున్న మాటలను ఉన్నవున్నట్టు రాసి స్క్రిప్టు చేయండి. మూడోది ఆ స్క్రిప్టుతో, నాలుగోది షూటింగ్ జరిగే వరండాలోనే. అయితే దేవరకొండ పిల్ల, నారాయణపేట పిల్ల ఒకే ఇంటి మనుషులుగా చేస్తుంటే యాసలు కలవవు. ఒకే ఇంటి పాత్రలకు ఒకే వైపు పిల్లల్ని పెట్టండి. అది కుదరకపోతే ఒకరిని పక్కూరి మనిషిని చేసేయండి. యాసను నేర్పబోతే మాత్రం రెండూ చెడతాయి.

స్టేజీ అలవాటున్న పిల్లలకు ఇంకో రోగం ఉంటుంది. గొంతు చివరి బెంచీ దాకా పోవాలని చూస్తారు, డైలాగు కాగానే "బాగుందా" అన్నట్టు మాస్టారి వైపు చూస్తారు. చేతులకు పని ఇస్తే సగం తగ్గుతుంది. చెప్పు పట్టీ సరిచేసుకుంటూ, సంచి మడతపెడుతూ అదే మాట అనమనండి. షాట్ జరుగుతున్నప్పుడు మాస్టారు కెమెరా పక్కన నిలబడొద్దు, నటులకు కనపడకుండా వెనక్కు పోవాలి. కట్ కూడా వెంటనే చెప్పొద్దు. మాట అయిపోయాక మనసులో మూడు లెక్కపెట్టండి. మాట తర్వాత ముఖంలో వచ్చేదే ఎడిటింగ్‌లో ఎక్కువ అక్కరకొస్తుంది.

ఎన్ని షాట్లు పడతాయో లెక్క

స్క్రిప్టు ఒక పేజీ అంటే దాదాపు ఒక నిమిషం. 7 పేజీలు దాటనివ్వకండి. మే నెలలో మన దగ్గర పొద్దు దాదాపు 5:45కు పొడుస్తుంది, 6:40కి కుంకుతుంది. 5:30కి అందరూ చేరి, 6:15కు మొదటి షాట్ పెట్టి, 10:45కు ఆపాలి. మళ్లీ సాయంత్రం 4 నుంచి 6:20 దాకా. మొత్తం 7 గంటలకు కాస్త తక్కువ. కొత్తవాళ్లకు ఒక షాట్ సర్ది, రిహార్సల్ చేసి, నాలుగు టేకులు తీయడానికి 15 నిమిషాలు పడుతుంది. అంటే రోజుకు 27, రెండు రోజులకు 54. ఏడు నిమిషాల సినిమాకు 54 షాట్లు బాగానే సరిపోతాయి. షాట్ల జాబితా 80కి పోయిందంటే ఇంకో రోజు వెతుక్కోవాలి, లేదా కథలోంచి ఒక సీను కోసేయాలి. కోసేయడమే మంచిది.

11 నుంచి 4 దాకా ఆరుబయట పని పెట్టుకోకండి. పిల్లలకు వడదెబ్బ ఒక భయం. ఫోను కూడా ఆ ఎండకు కాగి, రికార్డింగ్ తనంతట తనే ఆపేస్తుంది. కాగిన ఫోనును ఫ్రిజ్‌లో పెడితే లోపల చెమ్మ పడుతుంది, కవరు తీసి నీడలో గాలికి ఉంచితే చాలు. ఆ ఐదు గంటలు తిండికి, నిద్రకు, గది లోపల రికార్డు చేసుకునే శబ్దాలకు వాడుకోండి.

పనులు పంచేటప్పుడు ఆ షాట్లో లేనివాళ్లు ఊరికే కూర్చోకుండా చూడండి. ఒకరు కెమెరా, ఇద్దరు సౌండ్, ఒకరు క్లాప్ కొట్టి నోటుబుక్కు రాయడం, ఒకరు కంటిన్యుటీ (షాటు షాటుకు బట్టలు, సామాన్లు మారకుండా చూడటం), ఇద్దరు నీళ్లు, తిండి, జనాన్ని ఆపడం. రోజు మారితే పనులు మారాలి, ఒక్క కంటిన్యుటీ మనిషి తప్ప.

సౌండ్: డబ్బు పెట్టాల్సింది ఇక్కడ

బొమ్మ కొంచెం మసకగా ఉన్నా చూస్తారు. మాట వినపడకపోతే రెండో నిమిషంలోనే లేచిపోతారు. ఫోను సొంత మైకు మీద ఆధారపడితే ఆరడుగుల దూరం నుంచి మాటకంటే కాకుల అరుపే ముందు వినిపిస్తుంది.

చొక్కాకు పెట్టుకునే వైరు మైకులు వెయ్యి రూపాయల లోపే దొరుకుతాయి, రెండు కొనండి. ఒక్కో మైకును ఒక్కో పాత ఫోనుకు తగిలించి, వాయిస్ రికార్డర్ ఆన్ చేసి, ఫోన్ను ఫ్లయిట్ మోడ్‌లో పెట్టి, నటుడి జేబులో వేయండి. ఫ్లయిట్ మోడ్ మరిచిపోతే టేకు మధ్యలో ఫోనొచ్చి రికార్డింగ్ ఆగిపోతుంది. ఎడిటింగ్‌లో కూర్చున్నాకగాని ఆ సంగతి తెలియదు. తాత ధోవతికి జేబుండదు కాబట్టి రొంటిన దోపాలి. మైకు గడ్డం కింద జానెడు దూరంలో, చొక్కా లోపల, మెడికల్ టేపుతో అతికించండి. నైలాన్ చొక్కా, గంజి పెట్టిన ఖద్దరు రెండూ గరగరమంటాయి. మెత్తబడ్డ నూలు బట్ట వేయించండి. ఆరుబయట గాలికి మైకు మీద స్పాంజి చాలదు, దాని మీద బొచ్చుగుడ్డ ముక్క చుట్టండి.

ప్రతి టేకు మొదట్లో కెమెరాకు కనపడేలా చప్పట్లు కొట్టాలి. ఎడిటింగ్‌లో ఆ శబ్దాన్ని, చేతులు కలిసిన ఫ్రేమును పక్కపక్కన పెడితే సౌండు బొమ్మకు అతుకుతుంది. టేకుకు ముందు ఫ్యాన్లు, ఫ్రిజ్ ఆపండి. పక్క చేను మోటరు నడుస్తుంటే ఆ రైతును అడిగి ఓ పది నిమిషాలు ఆపించండి, అడిగితే కాదనరు. గుడి మైకు, పెండ్లి డీజే మాత్రం మన మాట వినవు, కాబట్టి ముహూర్తాలు లేని రోజులు చూసి తేదీ పెట్టుకోండి.

ఒక చోట పని అయ్యాక అందరూ కదలకుండా ఒక నిమిషం నిలబడి ఆ చోటి నిశ్శబ్దాన్ని రికార్డు చేయండి. షాట్ల మధ్య అతుకులు పూడ్చేది అదే. మాట సరిగా పడలేదని అనుమానం వస్తే అక్కడే, అప్పుడే, కెమెరా లేకుండా ఆ మాటను మూడుసార్లు చెప్పించి పెట్టుకోండి. తర్వాత డబ్బింగ్ చెప్పిద్దామనుకుంటే పెదవులకు మాట కలపడం ఈ వయసు పిల్లలకు చేతకాదు. పెద్ద నటులకే కష్టం.

ఫోనులో సరిచేసుకోవాల్సినవి

ఫ్రేము రేటు (సెకనుకు పడే బొమ్మలు) 25, లైట్ల కింద షట్టర్ 1/50, ఎండలో బొమ్మ తెల్లబారకుండా ఇంకా వేగంగా. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఈ లెక్కలో ట్యూబులైట్లు, చవక ఎల్‌ఈడీలు బొమ్మలో మినుకుమినుకుమనవు. 30 పెడితే నల్లని పట్టీలు పాకే ప్రమాదముంది. మామూలు కెమెరా యాప్‌లో ఇవి మార్చలేకపోతే బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ ఉచితంగా దొరుకుతుంది. అది పనిచేయని ఆండ్రాయిడ్ ఫోన్లకు ఓపెన్ కెమెరా ఉంది. ఫోకసు, వెలుతురు, వైట్ బ్యాలెన్సు (రంగుల తీరు) మూడూ లాక్ చేయండి. లేకపోతే తెల్లచొక్కా మనిషి ఫ్రేములోకి రాగానే అందరి ముఖాలూ నల్లబడతాయి. హెచ్‌డీఆర్ ఆపండి. వేళ్లతో జూమ్ చేయకండి, నడిచి దగ్గరికి పోండి. అల్ట్రా వైడ్ లెన్సుతో ముఖాలు తీస్తే అంచుల్లో ఉన్నవాళ్ల తలలు సాగుతాయి. ప్రతి గంటకూ లెన్సును మెత్తటి నూలుగుడ్డతో తుడవాలి, చెమటవేళ్ల జిడ్డే సగం మసకకు కారణం.

54 షాట్లు, ఒక్కోటి నాలుగు టేకులు, టేకు 40 సెకన్లు అనుకుంటే 144 నిమిషాల ఫుటేజీ. 1080పిలో 20 జీబీ దాకా పోతుంది. ముందే ఖాళీ చేసుకోండి. ఆ రాత్రే రెండు వేర్వేరు చోట్లకు కాపీ చేసి, తెరిచి చూసి, అప్పుడే ఫోనులోంచి తీసేయండి.

లైట్లు కొనొద్దు. మీటరు పొడవు, అర మీటరు వెడల్పు థర్మకోల్ షీట్లు నాలుగు, నల్లగుడ్డ మూడు మీటర్లు, పలచటి తెల్లధోవతి ఒకటి చాలు. థర్మకోల్ ముఖం మీదికి వెలుతురు తిప్పుతుంది, ధోవతి కిటికీ ఎండను మెత్తబరుస్తుంది. నల్లగుడ్డ తెల్లగోడ నుంచి వచ్చే అనవసరపు వెలుతురును మింగుతుంది. గాలికి థర్మకోల్ ఎగిరి ముక్కలవుతుంది, వెనక అట్ట అతికించుకోండి.

చెప్పులు మాయమైన సీను: షాటు షాటుగా

ఈ ఒక్క సీనుకు ఏడు షాట్లు.

మొదటిది మొత్తం సీను ఆగకుండా. ట్రైపాడ్ మీద, వరుస మొదటి నుంచి చివరి దాకా, చివర్లో పిల్లగాడు. 50 సెకన్లు. మిగతావాటిలో ఏది చెడినా ఇది కాపాడుతుంది.

రెండోది ఇటుక మీద ఫోను పెట్టి నేల ఎత్తులో. కాళ్లు వస్తాయి, ఒక పాదం తాత చెప్పుల్ని పక్కకు తోస్తుంది. తోసింది ఎవరో ముఖం చూపకండి.

మూడోది ఫోనులో మునిగిన పిల్లగాడి ముఖం. నాలుగోది అదే దూరం నుంచి, తలెత్తి చూడటం. మాట లేదు, నాలుగు సెకన్లు అలాగే పట్టుకోండి.

ఐదోది ఖాళీ. చాలామంది చెడగొట్టేది ఇక్కడే. రెండో షాట్ లాగే నేల మీది నుంచి తీస్తే ముందున్న చెప్పులు వెనక ఖాళీని కప్పేస్తాయి, వరుస నిండుగానే కనపడుతుంది. నిలబడ్డ పిల్లగాడి కళ్ల ఎత్తు నుంచి కిందికి తీయండి. ఒక జత పట్టేంత ఖాళీ చాలదు, రెండు జతలంత వదలండి.

ఆరోది పక్క మనిషి. "గిప్పుడే గద ఈడ ఉండె." ఏడోది వరండా మూలన బోర్లాపడ్డ తాత చెప్పు. అది తాతదేనని చూసేవాళ్లకు వెంటనే తెలియాలంటే ముందే గుర్తు పెట్టాలి. తెగిన పట్టీకి పిన్నీసు గుచ్చిన హవాయి చెప్పయితే ఒక్క చూపుకు తెలుస్తుంది. మొదటి నిమిషంలోనే తాత ఆ పిన్నీసు సరిచేసుకునే షాట్ పెట్టండి. అలాంటి జత ఇంకొకటి తయారుచేసి దాచుకోండి, మొదటిది ఎవరో వేసుకుపోతారు. నిజంగానే.

లైనే మీకు గీత. కెమెరా ఆ వరుసకు ఒకే పక్కన ఉండాలి. గోడ వైపు ఒకటి, రోడ్డు వైపు ఒకటి తీస్తే, గోదాం ఒకసారి కుడి పక్క, ఒకసారి ఎడమ పక్క అయి, మనుషులు ఎటు చూస్తున్నారో అర్థం కాదు. చెప్పుల క్రమం కూడా తలనొప్పే. ప్రతి షాటుకు ముందు పైనుంచి ఫొటో తీయండి, ఒక్కో జత కింద చాక్‌పీస్‌తో అంకె రాయండి. తాత తువ్వాల ఏ భుజం మీద ఉందో కూడా ఆ నోటుబుక్కులోనే.

కథలో మిట్టమధ్యాహ్నం కావాలి, మనం అప్పుడు తీయం. రెండు మూడు దూరపు షాట్లను 10 గంటల ఎండలో తీసి, ముఖాలన్నీ వరండా నీడలో, వెనక ఎండ తెల్లగా మండేలా తీస్తే చూసేవాళ్లకు మధ్యాహ్నమే అనిపిస్తుంది.

అడగాల్సిన చోట అడగడం

పిల్లలందరి తల్లిదండ్రుల సంతకాలు ముందే తీసుకోండి. కాగితంలో తేదీలు, చోటు, ఇంటికి చేర్చే వేళ, యూట్యూబ్‌లో పెడతామన్న మాట స్పష్టంగా ఉండాలి. బడి వరండాకు హెడ్మాస్టరు రాతపూర్వక అనుమతి, ఊరి పెద్దలకు, పోలీస్ స్టేషనుకు ఒక మాట.

పిల్లలమర్రి కిందనో, పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలోనో తీద్దామని ఎవరో ఒకరు అంటారు. పాత గుళ్లలో, కోటల్లో షూటింగుకు పురావస్తు శాఖ అనుమతి కావాలి, పిల్లలమర్రికి ఆదివారమైతే జనమే జనం. అమ్రాబాద్ అడవికి అటవీ శాఖ అనుమతి, సాగర్, జూరాల డ్యాముల దగ్గర భద్రత ఆంక్షలు. రైలు పట్టాల జోలికి అసలే పోవద్దు. చెరువు కట్ట మీద తీస్తే గాలి హోరు సరే, నీళ్ల అంచుకు పిల్లల్ని పోనీయకండి.

ఖర్చు

20 మందికి రెండు రోజులూ రోజుకో భోజనం, పళ్లెం 80 చొప్పున 3,200. టిఫిన్ 30 చొప్పున 1,200. నీళ్ల క్యాన్లు, చాయ్, నిమ్మకాయలు, ఓఆర్ఎస్ 800. ఆటోలు 2,000. మైకులు 2,000. ట్రైపాడ్ 1,200. థర్మకోల్, గుడ్డ, టేపులు 500. బట్టలు, బోర్డు 1,000. చేతిలో ఉంచుకోవడానికి 1,500. మొత్తం 13,400. మీ ఊరి ధరను బట్టి అటూఇటూ అవుతుంది, కానీ తిండిలో కోత పెట్టొద్దు. పదకొండింటికి తిండి దొరకని పిల్లవాడి నీరసం సాయంత్రం షాట్లో కనపడుతుంది.

ఎడిటింగ్

ఫోను వీడియోల్లో ఫ్రేము రేటు ఒక్కోసారి నిలకడగా ఉండదు. చప్పట్ల దగ్గర కలిసిన సౌండు రెండు నిమిషాల తర్వాత పెదవుల వెనక పడుతుంటే కారణం అదే. కంప్యూటర్లో హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో స్థిరమైన 25కు మార్చి, అప్పుడు ఎడిటింగ్‌లోకి తెండి. కంప్యూటరు బలంగా ఉంటే డావిన్చి రిజాల్వ్ ఉచిత వెర్షన్ చాలు, ఫోనులోనే అయితే వీఎన్ యాప్.

మొదటి కూర్పు 10 నిమిషాలు దాటుతుంది, కంగారుపడకండి. నడిచి రావడాలు, తలుపు తీయడాలు, 'నమస్తే'లు తీసేస్తే రెండు నిమిషాలు అక్కడే పోతాయి. సంగీతానికి సినిమా పాట పెడితే యూట్యూబ్‌లో హక్కుల క్లెయిమ్ వస్తుంది. జానపదం కదా అని ఎవరో పాడిన రికార్డింగు వాడినా అంతే, బాణీ ఊరందరిదైనా ఆ రికార్డింగు వాళ్లది. క్లాసులో డప్పు వచ్చినవాడితో మధ్యాహ్నం ఖాళీలో వాయించి పెట్టుకోండి.

పేర్లు తెలుగులో వేసేటప్పుడు కొన్ని ఎడిటింగ్ యాప్‌లలో ఒత్తులు విడిపోతాయి. 'లక్ష్మి' అని కొడితే హలంతాలతో ముక్కలు ముక్కలై కూర్చుంటుంది. వేరే యాప్‌లో నోటో సాన్స్ తెలుగు ఫాంటుతోనో మండలి ఫాంటుతోనో పేర్లు రాసి, బొమ్మగా సేవ్ చేసి తెచ్చి అతికించండి. ఎగుమతికి ముందు 14 మందినీ కూర్చోబెట్టి ఎవరి పేరు వాళ్లతో చదివించండి. తాత పేరు కూడా.